కూలి, కౌలు, సొంత పొలం: ఆటగాళ్ల డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది?

2022లో పి.వి.సింధు సంపాదన 71 లక్షల డాలర్లని ఫోర్బ్స్ లెక్కగట్టింది. మన రూపాయల్లో 55 కోట్ల పైమాటే. ఇందులో రాకెట్ పట్టుకుని కోర్టులో గెల్చుకున్నది ఎంతో తెలుసా? లక్ష డాలర్లు. మిగతా 70 లక్షలూ కోర్టు బయట వచ్చినవే. ఈ అంకె చూసి "బ్యాడ్మింటన్‌లో ఇంత డబ్బుందా, రేపే మావాణ్ని చేర్పిస్తా" అనేవాళ్లుంటారు. బాబూ, బ్యాడ్మింటన్‌లో అంత లేదు. ఉన్నది ఆ లక్షే. మిగతాదంతా బ్యాడ్మింటన్ వల్ల వచ్చిన ఇంకేదో. ఆ "ఇంకేదో" ఏమిటి, అది ఏ కాలంలో ఎవరికి ఎంత దొరికింది అన్నదే ఇక్కడ విప్పి చూడాలనుకుంటున్నా, ఎందుకంటే "అత్యంత ధనిక క్రీడాకారులు" అంటూ వచ్చే లిస్టులన్నీ మూడు రకాల డబ్బును ఒకే కుప్పలో పోసి చూపిస్తాయి, దాంతో ఏదీ అర్థం కాకుండా పోతుంది.

పొలం భాషలో చెప్పుకుంటే తేలిగ్గా ఉంటుంది. కూలికి వెళ్తే ఆ రోజు డబ్బు వస్తుంది, వెళ్లకపోతే రాదు, జ్వరమొచ్చినా రాదు. ఉన్న చెక్కను కౌలుకిస్తే మనం నాగలి పట్టకపోయినా ఏటా ఇంతని వస్తుంది, కాకపోతే వచ్చే ఏడాది కౌలుదారు దొరుకుతాడో లేదో, అదే రేటిస్తాడో లేదో తెలీదు. సొంతంగా పొలం కొంటే పంటా మనదే, పక్కన రోడ్డు పడి భూమి ధర పదింతలైతే ఆ లాభమూ మనదే, బోరు ఎండిపోతే ఆ ఏడుపూ మనదే. ఆటగాడికి జీతం, మ్యాచ్ ఫీజు, ప్రైజ్ మనీ కూలి కిందకి వస్తాయి. యాడ్ అంటే తన ముఖాన్ని ఏడాదికింతని కౌలుకివ్వడం. కంపెనీలోనో టీములోనో వాటా ఉంటే అది పొలం. వందేళ్లుగా జరిగింది ఏమిటంటే, ఆటగాళ్లు మెల్లగా కూలి నుంచి కౌలుకి, కౌలు నుంచి పొలానికి జరుగుతూ వచ్చారు. అందరూ జరగలేదు, జరిగినవాళ్లందరూ బాగుపడలేదు కూడా.

కాలాల మధ్య పోలిక తెచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. గేయస్ అప్పులేయస్ డయోక్లిస్ అని రెండో శతాబ్దంలో రోమ్‌లో రథాల పందేలు తోలినవాడు ఉన్నాడు. 24 ఏళ్లు తోలి, 4,257 పందేల్లో 1,462 గెలిచి, 3,58,63,120 సెస్టర్షులు (రోమన్ నాణేలు) ప్రైజ్ మనీ గెల్చుకున్నాడని శిలాశాసనమే ఉంది. దీన్ని పట్టుకుని, రోమన్ సైన్యం జీతాలతో పోల్చి, "ఇప్పటి లెక్కలో 1,500 కోట్ల డాలర్లు, చరిత్రలోకెల్లా ధనిక క్రీడాకారుడు ఇతనే" అని నెట్‌లో తిప్పుతుంటారు. సైనికుడి జీతంతో కాకుండా గోధుమల ధరతో పోలిస్తే ఇంకో అంకె వస్తుంది, బంగారంతో పోలిస్తే మరొకటి. నేనైతే అంత దూరం కాలాల్ని డాలర్లలోకి మార్చే జోలికి పోను. ఏ అంకె ఏ రకం డబ్బు అన్నదే చూస్తా.

మన దగ్గర మొదటి మెట్టు కూలి కూడా కాదు, ఉద్యోగం. మచిలీపట్నం మూలాలున్న కుటుంబం నుంచి వచ్చిన సి.కె.నాయుడు, ఇండియా మొదటి టెస్ట్ కెప్టెన్, క్రికెట్ ఆడి బతకలేదు. ఇండోర్ హోల్కర్ మహారాజు ఆయన్ని పిలిపించి తన సైన్యంలో హోదా ఇచ్చాడు, ఆయన కల్నల్ నాయుడు అయింది అలాగే. ఆటగాణ్ని పోషించేది ఆట కాదు, రాజు. విచిత్రం ఏమిటంటే మన క్రికెట్‌లో కౌలుకి మొదటి ఆనవాలు కూడా ఆయనే: 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనలో కనిపించాడు. బ్యాటు కాదు, బూట్లు కాదు, లివర్ టానిక్!

రాజులు పోయాక ఆ స్థానంలోకి బ్యాంకులు, రైల్వేలు, మిల్లులు వచ్చాయి. ఉద్యోగం స్పోర్ట్స్ కోటాలో, పని సగం పూట, మిగతా సగం నెట్ ప్రాక్టీసు. హైదరాబాద్ లీగులో స్టేట్ బ్యాంక్, ఆంధ్రా బ్యాంక్, రైల్వే పేర్లతో టీములు ఉండేవి ఇందుకే. గవాస్కర్ అంతటివాడు కూడా నిర్లాన్ కంపెనీ ఉద్యోగి. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో మ్యాచ్ ఫీజు ఎంతో చూస్తే నవ్వు ఆగిపోతుంది. ప్రపంచ కప్ గెలిచిన 1983లోనే సెప్టెంబరులో పాకిస్తాన్‌తో ఆడిన మ్యాచ్‌కి సంబంధించిన చెల్లింపుల కాగితం ఒకటి కొన్నేళ్ల కింద బయటికొచ్చింది. కపిల్ దేవ్‌తో సహా ఒక్కొక్కరికీ మ్యాచ్ ఫీజు రూ.1,500, మూడు రోజుల బత్తా రూ.600, వెరసి రూ.2,100. కప్పు గెలిచినందుకు బహుమతి ఇద్దామంటే బోర్డు దగ్గర డబ్బు లేక లతా మంగేష్కర్ ఢిల్లీలో కచేరీ చేసి నిధులు పోగు చేస్తే, ఒక్కొక్కరికి లక్ష రూపాయలు దక్కాయి. ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన ధ్యాన్‌చంద్ సంగతి ఇంకా ఘోరం, సైన్యంలో మేజర్‌గా రిటైరై, 1979లో ఢిల్లీ ఎయిమ్స్ జనరల్ వార్డులో పోయాడు. ప్రతిభ తగ్గి కాదు. ఆ ప్రతిభను కౌలుకి తీసుకునే నాథుడే అప్పటికి పుట్టలేదు, అంతే.

అమెరికాలో ఆ నాథుడు ముందే పుట్టాడు. పేరు మార్క్ మెక్‌కార్మక్, వృత్తి లాయరు. 1960 ప్రాంతంలో గోల్ఫర్ ఆర్నాల్డ్ పామర్‌తో చేయి కలిపి మాట ఇచ్చుకున్నాడు, ఆటగాళ్ల ఒప్పందాలు చూసిపెట్టే ఐఎంజీ అనే సంస్థ అలా మొదలైంది. అతను పట్టుకున్న కిటుకు చాలా చిన్నది: పామర్‌ని "గెలిచేవాడు"గా అమ్మితే ఓడిపోయిన రోజు అమ్మకం ఆగిపోతుంది, అదే "పామర్ లాంటి మనిషి"గా అమ్మితే ఓటమి అడ్డు రాదు. పీజీఏ టూర్‌లో పామర్ జీవితకాలపు ప్రైజ్ మనీ మొత్తం 19 లక్షల డాలర్లలోపే. కానీ 2015లో, 86 ఏళ్ల వయసులో, ఆఖరి పెద్ద విజయం అయిపోయి దశాబ్దాలు గడిచాక, ఒక్క ఏడాదిలో 4 కోట్ల డాలర్ల వరకు సంపాదించాడని ఫోర్బ్స్ అంచనా. బట్టల మీద గొడుగు గుర్తు, టీ-నిమ్మరసం కలిపిన డ్రింకు మీద పేరు, ప్రపంచమంతా గోల్ఫ్ కోర్సుల డిజైను, గోల్ఫ్ చానెల్‌లో భాగస్వామ్యం. ఇందులో కౌలు ఎక్కడ ఆగి పొలం ఎక్కడ మొదలైందో గీత గీయడం కష్టం.

మన దగ్గర గవాస్కర్ 1985లో పీఎంజీ అనే సంస్థ పెట్టాడు, దేశంలో మొదటి స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కంపెనీల్లో అది ఒకటి. "బూస్ట్ ఈజ్ ద సీక్రెట్ ఆఫ్ మై ఎనర్జీ" అని కపిల్ అంటుంటే విని పాలు తాగిన తరం మనలో చాలామంది. అయినా అసలు మలుపు 1995. ఆ ఫిబ్రవరిలోనే, గాలి తరంగాలు ప్రభుత్వ సొత్తు కాదు, ప్రజల సొత్తు అని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంటే మ్యాచ్ ప్రసారం మీద దూరదర్శన్ గుత్తాధిపత్యం పోయినట్టే. అప్పటికే విదేశీ బ్రాండ్లు దిగి ఉన్నాయి, కేబుల్ టీవీ సందు సందుకీ పాకుతోంది, పైగా మరుసటి ఏడాదే మన దేశంలో ప్రపంచ కప్. బెంగళూరులో పుట్టి అమెరికాలో వ్యాపారం చేస్తున్న మార్క్ మస్కరెనాస్, తన వరల్డ్‌టెల్ కంపెనీ తరఫున సచిన్‌కి అయిదేళ్లకు రూ.30 కోట్లు ఇస్తానని ఒప్పందం రాశాడు. క్రికెటర్‌కి అంత డబ్బేంటని దేశం నోరెళ్లబెట్టింది. 1983 కాగితంలోని రూ.2,100కీ దీనికీ మధ్య దూరం పన్నెండేళ్లే. ఆట మారలేదు, బ్యాటు కూడా దాదాపు అదే. చూసేవాళ్లను లెక్కపెట్టి అమ్ముకోవడం వచ్చింది, అంతే తేడా.

ఇక్కడో సరదా కథ చెప్పకుండా ఉండలేను. పెప్సీ, వీసా, ఈఎస్‌పీఎన్ స్టార్ నుంచి విదేశీ కరెన్సీలో వచ్చిన యాడ్ డబ్బుకి సచిన్ పన్ను మినహాయింపు అడిగాడు, నటులకు, కళాకారులకు వర్తించే 80ఆర్‌ఆర్ సెక్షన్ కింద. ఆదాయప్పన్ను అధికారి ఒప్పుకోలేదు, నువ్వు క్రికెటర్‌వి కదయ్యా, యాడ్లు దాని వల్ల వచ్చినవే కదా అన్నాడు. కేసు ట్రిబ్యునల్ దాకా వెళ్తే, 2011లో ముంబై ట్రిబ్యునల్ సచిన్ వైపే తీర్పిచ్చింది: కెమెరా ముందు నిలబడి మోడలింగ్ చేయడానికీ నైపుణ్యం, ఊహ కావాలి కాబట్టి ఆ పనిలో అతను నటుడే. తీర్పు కరెక్టా కాదా అన్నది లాయర్లు చూసుకుంటారు. నాకు నచ్చింది ఏంటంటే, కూలి వేరు కౌలు వేరు అని ఒక ప్రభుత్వ ట్రిబ్యునల్ కాగితం మీద రాసి మరీ చెప్పింది.

కౌలుకీ పొలానికీ మధ్య ఇంకో మెట్టు ఉంది, దాని పేరు రాయల్టీ. పంటలో పాలు తీసుకోవడం లాంటిది. దీనికి అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్‌ని మించిన ఉదాహరణ లేదు, అందరికీ తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తా. 1984లో నైకీ అతనికి ఏడాదికి 5 లక్షల డాలర్ల చొప్పున అయిదేళ్లకు రాసింది, దానిపైన ఎయిర్ జోర్డాన్ బూట్ల అమ్మకాల్లో పాలు. నాలుగో ఏడాదికల్లా 30 లక్షల డాలర్ల అమ్మకాలు వస్తే చాలనుకున్నారట, మొదటి ఏడాదే 12.6 కోట్లు వచ్చాయని అతని ఏజెంట్ డేవిడ్ ఫాక్ చెబుతాడు. 2024 నాటికి జోర్డాన్ బ్రాండ్ ఏటా అమ్మేది 600 కోట్ల డాలర్ల పైమాటే. ఆట మొత్తంలో అతనికొచ్చిన జీతాలు కూడితే 9.4 కోట్ల డాలర్ల దగ్గర, అందులో మూడింట రెండొంతులు చివర్లో షికాగో బుల్స్‌తో ఆడిన రెండు సీజన్లలోనే. అతన్ని లక్షాధికారి నుంచి కోటీశ్వరుడిగా మార్చింది పాలు, కోటీశ్వరుడి నుంచి ఫోర్బ్స్ బిలియనీర్‌గా మార్చింది పొలం: షార్లట్ బాస్కెట్‌బాల్ టీమును 27.5 కోట్ల డాలర్ల విలువ దగ్గర 2010లో చేజిక్కించుకుని, 2023లో 300 కోట్ల విలువ దగ్గర మెజారిటీ వాటా అమ్మేశాడు. ఆ పదమూడేళ్లలో ఆ టీము ఆట చూస్తే ఏడుపే. ప్లేఆఫ్స్‌లో ఒక్క సిరీస్ కూడా గెలవలేదు. భూమి ధర పెరగడానికి పంట బాగా పండక్కర్లేదు మరి.

జోర్డాన్ కంటే అయిదేళ్ల ముందు, అదే కంపెనీ ముందు కూర్చున్నవాడు మరో బాస్కెట్‌బాల్ ఆటగాడు మ్యాజిక్ జాన్సన్. 1979లో నైకీ దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు, షేర్లు ఇస్తామన్నారు. కన్వర్స్ అనే ఇంకో బూట్ల కంపెనీ ఏడాదికి లక్ష డాలర్లు ఇస్తానంది. షేరంటే ఏంటో అప్పుడు తెలీదు, డబ్బు కనబడింది, తీసుకున్నాను అని ఆయనే ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. మరుసటి ఏడాదే, 1980 డిసెంబరులో, నైకీ స్టాక్ మార్కెట్‌కి వచ్చింది. తెలివితక్కువ అనడానికి లేదు. ఇరవై ఏళ్ల కుర్రాడు, ఇంట్లో డబ్బు లేనివాడు, లక్ష డాలర్ల చెక్కు వదిలి పేరు తెలియని కంపెనీ కాగితాలు ఎందుకు తీసుకుంటాడు? తర్వాత ఆయన నేర్చుకున్నాడు. లేకర్స్ టీములో చిన్న వాటా, స్టార్‌బక్స్‌తో సగం సగం భాగస్వామ్యంలో కాఫీ షాపులు, బీమా కంపెనీ, బేస్‌బాల్ టీము. ఆ స్టార్‌బక్స్ షాపులు ఉన్నవి మిగతా కంపెనీలు వెళ్లడానికి వెనకాడిన నల్లజాతి పేటల్లో. అక్కడివాళ్ల జేబులో డబ్బుంది, ఖర్చు పెట్టే షాపే లేదు అన్నది ఆయన లెక్క. 105 షాపులయ్యాక 2010లో తన సగం తిరిగి స్టార్‌బక్స్‌కే అమ్మేశాడు.

బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ రివర్సులో వెళ్లాడు. 1994లో మొదలైన గ్రిల్ పొయ్యి మీద అతని పేరుంది, లాభంలో పెద్ద పాలు వస్తోంది, 1999లో సాల్టన్ కంపెనీ వచ్చి, నెల నెలా పాలెందుకు, ఆ పేరే మాకు అమ్మెయ్ అని 13.75 కోట్ల డాలర్లకి కొనేసింది. ముష్టియుద్ధాల్లో అలీతో తలపడినవాడి పేరంటే చాలామంది అమెరికన్లకి ఇప్పుడు వంటింటి సామాను. ఆయన వంకా తప్పు లేదు, యాభై ఏళ్లవాడికి చేతిలో ఉన్న డబ్బు వేరు, రావాల్సిన డబ్బు వేరు.

ఇక ఈ తరం. ఇప్పుడు ఆటగాళ్లు ముందే వాటా అడుగుతున్నారు, ఎందుకు దొరుకుతోందంటే ఇచ్చేవాడి దగ్గర నగదు తక్కువ, ఆశ ఎక్కువ. షేన్ వార్న్ కథ దీనికి మంచి కొలమానం. 2008లో మొదటి ఐపీఎల్ వేలంలో రాజస్థాన్ రాయల్స్ అతన్ని 4.5 లక్షల డాలర్లకి తీసుకుంది. అతను కెప్టెన్, కోచ్, టీమును నడిపేవాడు అన్నీ తానే కాబట్టి, ఆడిన ప్రతి ఏడాదికీ టీములో 0.75 శాతం వాటా రాయించుకున్నాడు. నాలుగేళ్లు ఆడాడు, 3 శాతం. ఆ టీమును కొన్న ధర 6.7 కోట్ల డాలర్లు, దాని మీద లెక్కేసినా 3 శాతమంటే 20 లక్షలు, తర్వాత ఐపీఎల్ టీముల ధరలు ఎక్కడికి పోయాయో మనకి తెలిసిందే. 2007లో ఫుట్‌బాలర్ బెక్‌హామ్ అమెరికా లీగుకి వచ్చేటప్పుడు జీతం కంటే గట్టిగా పట్టుకున్న మాట, రిటైరయ్యాక 2.5 కోట్ల డాలర్లకే కొత్త టీము పెట్టుకునే హక్కు. అందరూ గాసిప్ రాస్తుంటే ఇతను ఆ ఒక్క లైను రాయించుకున్నాడు. 2023 నాటికి అదే లీగులో శాన్ డియెగో టీము కోసం కట్టించుకున్న ఫీజు 50 కోట్లు. తర్వాత మెస్సీని తెచ్చుకున్న ఇంటర్ మయామీ ఆ హక్కుతో పుట్టిందే. మెస్సీ కూడా ఊరికే రాలేదు, జీతంతో పాటు ఆపిల్ టీవీ కొత్త చందాల్లో పాలు, టీములో వాటా కొనుక్కునే హక్కు అడిగి వచ్చాడు. ఫెడరర్ 2019లో ఆన్ అనే స్విస్ బూట్ల కంపెనీలో సుమారు 3 శాతం పెట్టుబడి పెట్టాడు, 2021లో అది న్యూయార్క్ మార్కెట్‌కి వచ్చింది. టెన్నిస్ ఆడి జీవితమంతా గెలిచింది 13 కోట్ల డాలర్లు. దాన్ని దాటడానికి ఆ బూట్లు చాలు.

వినడానికి బాగుంది కదా? ఇక్కడే ఆగి ఒక లెక్క చూడండి. ఒక స్టార్టప్ మీకు ఫీజుకి బదులు 1 శాతం ఇస్తానంది అనుకోండి. తర్వాత రెండు మూడు సార్లు కొత్త పెట్టుబడి తెస్తుంది, తెచ్చినప్పుడల్లా కొత్త షేర్లు పుడతాయి, మీ 1 శాతం అరశాతం అవుతుంది, ఇంకా తగ్గుతుంది. మార్కెట్‌కి వచ్చే దాకా అమ్ముకోవడానికి కొనేవాడుండడు. వచ్చాక కూడా మన సెబీ రూల్ ప్రకారం ముందు నుంచీ ఉన్న మామూలు షేర్‌హోల్డర్లు ఆరు నెలలు అమ్మకూడదు. అసలు చాలా కంపెనీలు మార్కెట్ ముఖమే చూడవు. వాటిలో వాటా ఉన్న ఆటగాళ్ల కథలు ఎవరూ రాయరు, మనకి చేరేవి గెలిచిన కథలే. సచిన్‌కి ముంబై కొలాబాలో సొంత పేరుతో రెస్టారెంట్ ఉండేది, మూతపడింది. దాని గురించి ఎవరైనా పోస్టు పెట్టగా చూశారా?

గెలిచిన కథల్లో మనకి దగ్గరిది హైదరాబాద్‌దే. ఆజాద్ ఇంజినీరింగ్ అని టర్బైన్ బ్లేడ్లు, విమానాల విడిభాగాలు చేసే కంపెనీ. గ్లామర్ ఏమీ లేదు, టీవీలో యాడ్ రాదు. 2023 మార్చిలో సచిన్ అందులో సుమారు రూ.5 కోట్లు పెట్టాడు. సింధు, సైనా, వి.వి.ఎస్.లక్ష్మణ్ తలా ఓ కోటి పెట్టారు, కాకపోతే షేరు వాళ్లకి సచిన్‌కి పడినదానికి రెట్టింపు ధర పడింది. డిసెంబరు 28న షేరు రూ.720 దగ్గర మొదలైంది. సచిన్ షేర్లు 4,38,210, విలువ రూ.31 కోట్లు దాటింది. మిగతా ముగ్గురి దగ్గర తలా 43,800, ఒక్కొక్కరిదీ రూ.3 కోట్ల పైన. అదే ఏడాది, అదే కంపెనీ, అదే మార్కెట్టు. కొందరికి ఆరింతలు, కొందరికి మూడింతలు, తేడా అంతా ఎప్పుడు, ఏ ధరకి లోపలికి వెళ్లారన్నదే. కోహ్లీ, అనుష్క 2020లో డిజిట్ ఇన్సూరెన్స్‌లో షేరు రూ.75 చొప్పున రెండున్నర కోట్ల రూపాయల షేర్లు కొన్నారు, 2024లో పబ్లిక్ ఇష్యూ ధర రూ.272. మామూలు మనిషికి ఆ రూ.75 ధర దొరకదు. నా దృష్టిలో పేరు అసలు విలువ యాడ్‌లో లేదు, మామూలువాళ్లకి తెరవని ఆ తలుపు తెరిపించడంలోనే ఉంది.

సింధునే చూడండి, మూడు కాలాలూ ఒకే మనిషిలో ఉన్నాయి. 2016 రియో రజతం తర్వాత 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది, హోల్కర్ మహారాజు నాయుడికి చేసిన పనే ఇది. 2019లో లీ-నింగ్ అనే చైనా స్పోర్ట్స్ కంపెనీతో నాలుగేళ్లకు రూ.50 కోట్లని వార్తలొచ్చిన ఒప్పందం, అది కౌలు. 2023లో ఆజాద్ షేర్లు, అది పొలం. ఆమె గురువు గోపీచంద్ మాత్రం ఈ మూడింటికీ అడ్డంగా నడిచిన మనిషి. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక కూల్ డ్రింక్ యాడ్ వచ్చింది, నేను తాగనిది పిల్లలకి ఎలా చెబుతానని కాదన్నాడు. ప్రభుత్వం గచ్చిబౌలిలో అయిదెకరాలిచ్చాక, అకాడమీ కట్టడానికి సొంత ఇల్లు తాకట్టు పెట్టాడు, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ రూ.5 కోట్లిచ్చాకే అది పూర్తయింది. సైనా, సింధు, శ్రీకాంత్‌ల కౌలు వెనక ఆ తాకట్టు ఉంది.

పెద్ద స్టార్ కాకపోయినా కుదురుతుందా అంటే, కుదిరిన ఒకాయన ఉన్నాడు, నాకు ఈ మొత్తంలో ఇష్టమైన కథ ఇదే. జూనియర్ బ్రిడ్జ్‌మన్. 1975 నుంచి 12 ఏళ్లు ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగు) ఆడాడు, ఎక్కువగా మిల్వాకీ బక్స్‌కి, అదీ చాలావరకు బెంచి మీద నుంచి లేచి వచ్చే ఆటగాడిగా. ఏ ఏడాదీ అతని జీతం మూడున్నర లక్షల డాలర్లు దాటలేదంటారు, మొత్తం కలిపితే 30 లక్షల లోపు. బూట్ల కంపెనీలు వెంటపడలేదు, పేరు పెట్టుకోవడానికి గ్రిల్లూ లేదు. అతను చేసింది వెండీస్ అనే బర్గర్ల చైన్ ఫ్రాంచైజీ తీసుకోవడం. అంతకుముందు లోపలికి వెళ్లి కౌంటర్ దగ్గర, వంటగదిలో పని నేర్చుకున్నాడు. దీంట్లో డబ్బు ఎలా పుడుతుందో చెబుతా, ఎందుకంటే ఇది యాడ్ కంటే నిదానం, యాడ్ కంటే గట్టిది. ఒక షాపు లాభం చూపించి బ్యాంకు అప్పు తెస్తే రెండో షాపు, రెండింటి లాభంతో నాలుగోది. ఒక్కో షాపులో మిగిలేది కొద్దే, కానీ మాంసం, బన్నుల కొనుగోలు నుంచి మేనేజర్ల శిక్షణ దాకా పది షాపులకి కలిపి చేస్తే ఖర్చు తగ్గుతుంది. పైగా ఫ్రాంచైజీలో కష్టం ఏంటంటే బ్రాండ్ మనది కాదు, రాయల్టీ కట్టేది మనమే. జోర్డాన్ తీసుకున్నది ఇతను కట్టాడు! అయినా వెండీస్, చిలీస్ కలిపి వందల షాపులయ్యాయి. 2016లో చాలావరకు అమ్మేసి, కోకాకోలా బాట్లింగ్‌లోకి దిగాడు, 2020లో దివాలా తీసిన ఎబొనీ, జెట్ పత్రికల్ని 1.4 కోట్ల డాలర్లకి కొన్నాడు. చివరికి ఫోర్బ్స్ లెక్కలో ఆస్తి 140 కోట్ల డాలర్లు. 2024 సెప్టెంబరులో బక్స్ టీములో 10 శాతం కొన్నాడు, ఒకప్పుడు తనకి కూలి ఇచ్చిన టీములోనే. 2025 మార్చిలో కన్నుమూశాడు.

మరి ఇంత డబ్బు వచ్చినవాళ్లు దివాలా ఎందుకు తీస్తారు? టైసన్ 2003లో తీశాడు, బోరిస్ బెకర్‌ని 2017లో లండన్ కోర్టు దివాలాదారుగా ప్రకటించింది. "ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగు) ఆటగాళ్లలో 78 శాతం రిటైరైన రెండేళ్లలో దివాలా" అని ఒక అంకె 2009 నుంచీ తిరుగుతోంది, అది దివాలాతో పాటు "ఆర్థిక ఇబ్బంది"ని కూడా కలిపి చెప్పిన ఒక పత్రిక మాట. తర్వాత ఆర్థికవేత్తలు కోర్టు రికార్డులు తీసి చూస్తే రిటైరైన 12 ఏళ్లలోపు దివాలా పిటిషన్ వేసినవాళ్లు 16 శాతం దగ్గర తేలారు. అందులో నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకోటి: ఎక్కువ సంపాదించినవాళ్లు, ఎక్కువ ఏళ్లు ఆడినవాళ్లు కూడా తక్కువవాళ్లకంటే పెద్దగా భద్రంగా లేరు. అంటే సమస్య ఎంత వచ్చిందన్నది కాదు, ఎలా వచ్చిందన్నది. మనలాంటివాళ్లకి జీతం పాతికేళ్ల నుంచి అరవై దాకా మెల్లగా పెరుగుతూ వస్తుంది. ఆటగాడికి 22 నుంచి 32 మధ్య కుండపోత, ఆ తర్వాత యాభై ఏళ్లు ఎండ. ఆ కుండపోతలోనే బంధువులు, స్నేహితులు, స్కీములవాళ్లు అందరూ బిందెలు పట్టుకుని వస్తారు.

దీనికి కొందరు చేసిన ఉపాయం, కుండపోతను చెరువులో పట్టడం. బేస్‌బాల్ ఆటగాడు బాబీ బొనియాకి న్యూయార్క్ మెట్స్ 2000లో 59 లక్షల డాలర్లు బాకీ. ఇప్పుడొద్దు, 8 శాతం వడ్డీతో తర్వాత ఇవ్వండన్నాడు. 2011 నుంచి 2035 దాకా ప్రతి జులై 1న అతనికి 11.9 లక్షల డాలర్లు వస్తూనే ఉంటాయి, ఆట మానేసి ఎన్నేళ్లయినా. మెట్స్ ఓనర్లు ఎందుకు ఒప్పుకున్నారంటే వాళ్ల డబ్బు తర్వాత పెద్ద మోసగాడని తేలిన బెర్నీ మేడాఫ్ దగ్గర అంతకంటే ఎక్కువ వడ్డీకి ఉందనుకున్నారు, అదేమైందో తెలిసిందే. 2023లో జపాన్ బేస్‌బాల్ ఆటగాడు ఒటానీ డాడ్జర్స్ టీముతో పదేళ్లకు 70 కోట్ల డాలర్లకి సంతకం చేసి, ఏటా 7 కోట్లలో 6.8 కోట్లు 2034 నుంచి ఇవ్వండన్నాడు, వడ్డీ కూడా లేకుండా. మొదటాయనది తెలివి, రెండోది మరి? రెండోదీ తెలివే, ఎందుకంటే అతనికి యాడ్ల కౌలే ఏటా కోట్ల డాలర్లొస్తోంది, జీతం ఇప్పుడే తీసుకోవాల్సిన తొందర లేదు, ఆ మిగిలిన డబ్బుతో టీము ఇంకో ఇద్దరు మంచి ఆటగాళ్లని కొనుక్కోవచ్చు.

మనవాళ్ల విషయానికొస్తే, వెయిట్‌లిఫ్టర్‌కి, బాక్సర్‌కి ఒటానీ తరహా బేరం కుదరదు. సిడ్నీలో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరికి దారి ఫుడ్ కార్పొరేషన్ ఉద్యోగమే. ఐపీఎల్ డబ్బున్న సిరాజ్‌కి కూడా 2024లో తెలంగాణ ప్రభుత్వం నిఖత్ జరీన్‌తో పాటు డీఎస్పీ పోస్టు ఇచ్చింది, జూబ్లీహిల్స్‌లో 600 గజాల స్థలం ఇచ్చింది. ఇంత సంపాదించేవాడికి ఉద్యోగమెందుకని సోషల్ మీడియాలో నవ్వినవాళ్లున్నారు. నవ్వే ముందు ఆలెన్ ఐవర్సన్ ఒప్పందం చదవండి. ఎన్‌బీఏలో 15 కోట్ల డాలర్లకు పైగా జీతం తీసుకుని, చేతిలో ఏమీ మిగలక వార్తల్లోకెక్కిన ఐవర్సన్ కోసం, 2001లోనే రీబాక్ ఒప్పందంలో ఎవరో ముందుచూపున్న మనిషి రెండు లైన్లు రాయించాడు. ఏటా 8 లక్షల డాలర్లు జీవితాంతం, పైగా 3.2 కోట్ల డాలర్లు ఒక ట్రస్టులో, 55 ఏళ్లు వచ్చేదాకా అతను కూడా ముట్టుకోవడానికి వీల్లేకుండా. నెల జీతం, రిటైర్‌మెంట్ ఫండు. మన ఇళ్లలో పెద్దవాళ్లు పెళ్లిచూపుల్లో అడిగేవి ఈ రెండే. ఐవర్సన్‌కి 2030 జూన్‌లో 55 నిండుతాయి, ఆ పెట్టె అప్పుడు గానీ తెరుచుకోదు.